నేత్రదానము: అపోహలు, వాస్తవములు

మరణించినవారి కన్నులను దానమిమ్మని కోరినంతనే మనలో అనేకులు వెనుకాడుదురు. ముఖము వికృతమగుననియు, దాత మరుజన్మమున అంధుడై పుట్టుననియు వారి భయము. చితిలో బూడిదయైన కన్ను మరుజన్మమునకు అడ్డు కానప్పుడు, పరులకిచ్చిన కన్ను మాత్రమేల అడ్డగును?

వాస్తవమునకు వైద్యులు కంటిని సమూలముగా మరొకరికి అమర్చరు. నల్లగ్రుడ్డుపై గడియారపు అద్దమువలె కార్నియా యను స్వచ్ఛమైన పొర గలదు. దెబ్బవలననో, పుండువలననో అది తెల్లబారి చూపు పోయినవారికి ఈ చికిత్స ఉపకరించును. 1905లో మొరేవియాయందు ఎడ్వర్డ్ జిర్మ్ అను వైద్యుడు దీనిని తొలిసారి జయప్రదముగా నెరవేర్చెను. ఆ పొరలో రక్తనాళములు లేనందున, మూత్రపిండాదులకంటె దీనిని శరీరము సులభముగా స్వీకరించును.

వృద్ధులును, కండ్లద్దములు ధరించువారును, శుక్లములకు శస్త్రచికిత్స పొందినవారును సాధారణముగా దాతలు కావచ్చును. రేబిస్, హెచ్.ఐ.వి. వంటి వ్యాధులున్నవారి కన్నులు మాత్రము పనికిరావు. ఒకరి దానముచే ఇరువురికి చూపు రాగలదు.

మరణానంతరము ఆరు గంటలలోపల కన్నులను సేకరింపవలెను. కబురందినచో నేత్రనిధివారు ఇంటికే వత్తురు. అంతవరకు రెప్పలు మూసి, వానిపై తడిదూది యుంచి, పంకా ఆపి, తలక్రింద దిండు పెట్టవలెను. వారి పని కొలది నిమిషములలో ముగియును; ముఖము వికృతము కాదు.

ప్రతిజ్ఞాపత్రముపై సంతకము చేసి పెట్టెలో దాచినంతనే దానము జరుగదు. ఆ దుఃఖసమయమున బంధువుల సమ్మతియే ముఖ్యము. వారు తర్జనభర్జన పడుచుండగా ఆరు గంటలును గడచిపోవును. కావున మీ అభీష్టమును ఇంటివారికి నేడే తెలియజేయుడు.