అచ్చు వేసిన ఆంబోతు – వాటాలు వేసిన గుఱ్ఱం

విరాటుని కొలువులో నకులుడు గుఱ్ఱాలను, సహదేవుడు పసులను కాచే పనికి కుదిరినారన్నది విద్యార్థులెల్లరు ఎరిగినదే. అక్కడ సహదేవుడు తన విద్యను చెప్పుకొంటూ, ఏ వృషభపు మూత్రం వాసన సోకినంతనే వంధ్య సైతం చూలు దాల్చునో తాను గుర్తింపగలనంటాడు. అతిశయోక్తిని అటుంచితే, మేలుజాతి పోతు విలువ దాని బలంలో కన్న సంతతిలోనే అధికమన్న ఎరుక పూర్వులకు ఉండినదని తేలుతున్నది. అశ్వలక్షణాలపై మన మనుమంచిభట్టు ఏకంగా కావ్యమే రచించినాడు.

ఆ ఎరుక నేడు వర్తకమైనది. 1981లో ఇంగ్లండు డెర్బీ పందెంలో షేర్గార్ అనే గుఱ్ఱం తక్కిన వాటికంటె పది గుఱ్ఱాల నిడివి ముందుగా గమ్యం చేరింది. ఆ పందెంలో అంతటి అంతరం అంతకు ముందెన్నడూ లేదు. పందెపు గుఱ్ఱాలకొక కట్టుబాటున్నది: సహజ సంయోగం వల్ల పుట్టిన పిల్లకే వంశపట్టికలో చోటు. కనుక మేటి పోతుతో దాటించుకొనే అవకాశం ఏటా కొద్ది గుఱ్ఱాలకే దక్కుతుంది. అందుచేతనే అంత ధర. యజమాని ఆగాఖాన్ ఆ గుఱ్ఱాన్ని 40 వాటాలుగా విభజించి, వాటా రెండున్నర లక్షల పౌండ్ల లెక్కన అమ్మి, ఆరు తాను ఉంచుకొన్నాడు. 1983 ఫిబ్రవరి 8 రాత్రి ముసుగుదొంగలు ఐర్లండులోని అశ్వశాలనుండి దానిని అపహరించినారు. అడిగిన సొమ్ము చెల్లిస్తే ప్రతి మేలుగుఱ్ఱానికీ ఇదే గతి పట్టునని యజమానులు చెల్లించలేదు. వారి తర్కంలో దోషం లేదు. గుఱ్ఱం మాత్రం మళ్ళీ కనబడలేదు. ఇందరు స్వాములున్న ప్రాణికి కడపట దిక్కెవరు?

మన పల్లెలు ఈ ప్రశ్నకు వేరొక సమాధానం చెప్పినవి. మా భీమునిపట్నంలో నేటికీ పని లేక తిరిగే కుఱ్ఱవానిని ‘అచ్చోసిన ఆంబోతు’ అని మందలిస్తారు. తిట్టుగా మిగిలిన ఈ మాట వెనుక గొప్ప వ్యవస్థ ఉన్నది. పితృకర్మలో భాగంగా మేలైన కోడెదూడను ఏరి, అచ్చు వేసి, దేవునిపేర విడిచేవారు. అది ఏ చేను మేసినా రైతు అదలించేవాడే గాని కొట్టేవాడు కాడు. దానికి యజమాని లేడు; ఊరి ఆవులన్నింటికీ అదే పోతు. ఒంగోలు జాతి వన్నెకెక్కడానికి ఈ ఆచారం ఎంతో తోడ్పడినది.

ఆ జాతి జంట ఒకటి 1868లో ఓడలో పోతూ బ్రెజిలు దేశపు సాల్వడారు రేవులో అమ్ముడుపోయినది. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలోనిది గనుక అక్కడ ఆ జాతికి ‘నెలోర్’ అన్న పేరే స్థిరపడినది. 1960 తరువాతి తొలి సంవత్సరాలలో ఒంగోలు చేరువనున్న కరవది గ్రామపు ఆంబోతు కూడ ఆ దేశం చేరింది. దానిని అక్కడివారు ఊరిపేరనే ‘కర్వాది’ అన్నారు. నేటి నెలోర్ మందలలో ఎన్నింటికో అది మూలపురుషుడు. 2023లో వియాటినా–19 అనే నెలోర్ ఆవులో మూడవవంతు వాటాయే సుమారు 14 లక్షల డాలర్లకు వేలంలో పోయినది.

దీనికి ఆనాడు అమ్మిన రైతును నిందించడం న్యాయం కాదు. ఒకప్పుడు డచ్చివారు ఈ తీరాన బట్టలు కొని ఓడల కెక్కించినారు. మగ్గం ఇక్కడే ఉన్నది గనుక నేతగానికి నష్టం లేదు. ఒక ఆంబోతు పోయినంత మాత్రాన జాతి పోదు. ట్రాక్టరు వచ్చి ఎద్దును పనికిమాలినదానిగా చేసినప్పుడు, ఊరుమ్మడి ఆంబోతును పోషించే బాధ్యత కూడ మనమే వదలుకొన్నాము. బ్రెజిలువారు వంశావళులు వ్రాసి, ఏరి పెంచినారు. గుంటూరు దగ్గరి లాం పరిశోధనా క్షేత్రం వంటివి ఈనాడు ఇక్కడ ఆ జాతిని కాపాడుతున్నవి. కాని ఊరంతా చేసిన పనిని ఒక క్షేత్రం ఎంతకని చేయగలదు?

వాటాలు వేసి అనుభవించడం ఒక పద్ధతి, అచ్చు వేసి విడవడం మరొక పద్ధతి. మొదటిదానిలో లోభం ఉన్నా లెక్క ఉన్నది. రెండవదానిలో లెక్క లేకున్నా ధర్మం ఉండినది. లెక్కా ధర్మమూ రెండూ విడిచిన చోట మాత్రం మేలుజాతి నిలువదు, మిగిలేది తిట్టొక్కటే.