కొండ ముందు, కడలి తరువాత

సెలవులు దగ్గరపడగానే పాఠశాలలలోను ఇండ్లలోను విహారయాత్రల మాట బయలుదేరును. రైళ్ల పట్టికను, దేశపటమును ముందుంచుకొని, ఒక దినము తిరుమల, ఒక దినము పులికాట్ సరస్సు, ఒక దినము మైపాడు సముద్రతీరము అని, దారి ఖర్చు కలిసివచ్చునట్లు దినములను అమర్చుకొందుము. ఇటీవల ఈ యాత్రలలో క్రొత్త అంశమొకటి చేరినది. పుదుచ్చేరి, విశాఖపట్టణము, అండమాను దీవులు మొదలగు చోట్ల శ్వాసపరికరములు ధరించి సముద్రములో మునిగి, అడుగున తిరుగు చేపలను చూచి వచ్చు వినోదము సామాన్య కుటుంబములకు కూడ అందుబాటులోనికి వచ్చినది.

పటము దూరములను చూపును గాని, ఎత్తుపల్లముల వలన శరీరములో కలుగు మార్పులను చూపదు. రైళ్ల పట్టిక వేళలను తెలుపును గాని, ఏ నెలలో సముద్రము ఎట్లుండునో తెలుపదు. ఈ రెండును ఎరుగక వేసికొనిన ప్రణాళిక ప్రాణాపాయము తెచ్చుటకు కూడ అవకాశము కలదు. ఉన్నత పాఠశాలలో నేర్చిన రెండు సూత్రములతో ఈ విషయము బోధపడగలదు. నెల్లూరు తీరమును ఉదాహరణముగ తీసికొని దీనిని పరిశీలింతము.

నీటి బరువు

సముద్రమట్టమున నిలుచున్న మనిషిపై వాయుమండలము మోపు బరువును 1 వాతావరణ పీడనమందుము. నీరు గాలికంటె ఎన్నో రెట్లు బరువైనది గనుక, సముద్రములో 10 మీటర్లు దిగినంతనే మరియొక వాయుమండలమంత బరువు మీద పడును. అనగా 10 మీటర్ల లోతున 2, 20 మీటర్ల లోతున 3, 30 మీటర్ల లోతున 4 వాతావరణముల పీడనము ఉండును.

ఉష్ణోగ్రత మారనప్పుడు వాయువు యొక్క ఘనపరిమాణము పీడనమునకు విలోమానుపాతములో ఉండునని 1662 లో రాబర్టు బాయిల్ ప్రకటించెను. నీటిపై 6 లీటర్ల గాలి గల బుడగను 10 మీటర్ల లోతునకు తీసికొనిపోయినచో 3 లీటర్లగును. 20 మీటర్ల లోతున 2 లీటర్లగును. మొదటి 10 మీటర్లలో తగ్గినది 3 లీటర్లు. తరువాతి 10 మీటర్లలో తగ్గినది ఒక్క లీటరే. కావున పెద్ద మార్పు నీటి పైభాగముననే కలుగును. దిగుడుబావిలో అడుగు తాకబోయిన పిల్లలకు చెవులలో పోటు పుట్టుటకు కారణమిదియే. జలుబుతో చెవి దారులు మూసికొనియున్న వారు మునుగరాదనుట కూడ ఇందువలననే.

1943 లో ఫ్రాన్సు దేశమున ఝాక్ కుస్తో, ఎమిల్ గాన్యాన్ అనువారు నిర్మించిన శ్వాసపరికరము, మునిగిన వాని చుట్టు ఎంత పీడనమున్నదో అంత పీడనముతోనే గాలిని అందించును. అందుచేత 10 మీటర్ల లోతున ఊపిరితిత్తులు చితికిపోక నిండుగానే ఉండును. కాని ఆ లోతున నిండుగ గాలి పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి వచ్చినచో ఆ గాలి రెండింతలు కావలయును. ఊపిరితిత్తులు అంత సాగవు, చిట్లును. కావున నీటిలో ఎన్నడును ఊపిరి బిగబట్టరాదనునది మునుగువారు నేర్చు మొదటి పాఠము. నిమిషమునకు సుమారు 9 మీటర్లకు మించకుండ మెల్లగా పైకి రావలెననునది రెండవది.

గోలీసోడా చెప్పు పాఠము

రెండవ సూత్రము 1803 లో విలియం హెన్రీ కనుగొన్నది. ద్రవముపై వాయుపీడనము పెరిగినకొలది అందులో కరగు వాయువు పెరుగును. పీడనము తగ్గినచో ఆ వాయువు వెలుపలికి వచ్చును. గోలీసోడా కొట్టినప్పుడు బుస్సుమని నురుగు పొంగుట దీనికి నిదర్శనము.

మనము పీల్చు గాలిలో ఐదింట నాలుగు వంతులకు కొంచెము తక్కువగా నత్రజని కలదు. శరీరము దానిని వాడుకొనదు. అయినను నీటి లోతున, అధిక పీడనములో, ఈ నత్రజని రక్తములోను, క్రొవ్వులోను, కండరములలోను అధికముగ కరగును. మెల్లగా పైకి వచ్చినచో అది ఊపిరి ద్వారా క్రమముగ వెడలిపోవును. తొందరపడినచో సోడాబుడ్డిలో వలె బుడగలు కట్టును. బుడగలు కీళ్లలో నిలిచిన తీవ్రమైన నొప్పి. వెన్నుపాములో నిలిచిన కాళ్లు పడిపోవుట.

బ్రిటనుకు చెందిన జాన్ స్కాట్ హాల్డేన్ మేకలపై ప్రయోగములు చేసి, 1908 లో, ఎంత లోతునుండి ఎంత ఆగి పైకి రావలెనో తెలుపు పట్టికలను ప్రకటించెను. ఈయన కుమారుడు జె. బి. ఎస్. హాల్డేన్ తండ్రి ప్రయోగములలో బాల్యముననే పాల్గొని, రెండవ ప్రపంచ యుద్ధకాలమున పీడనముల ప్రభావమును తన దేహముపైననే పరీక్షించుకొనెను. 1957 లో భారతదేశమునకు వచ్చి స్థిరపడి, 1964 లో భువనేశ్వరమున మరణించిన జీవశాస్త్రజ్ఞుడు ఈయనయే.

పీడనము సగమునకు తగ్గువరకు శరీరము ఓర్చుకొనునని తండ్రియైన హాల్డేన్ గ్రహించెను. నేటి పట్టికలు ఇంతకంటె ఎక్కువ జాగ్రత్త గలవి. అయినను మన ప్రశ్నకు ఈ లెక్క చాలును.

తిరుమలకు ఎప్పుడు పోవలెను?

గాలి పీడనము నీటిలో దిగినకొలది పెరుగునట్లే, కొండ ఎక్కినకొలది తగ్గును. సముద్రమట్టమునకు 900 మీటర్ల ఎత్తున అది సుమారు 0.9 వాతావరణముండును. విమానములో కూర్చున్నప్పుడు, లోపలి గాలిని అదిమి ఉంచినను, పీడనము 0.75 వరకు తగ్గవచ్చును.

ఒక కుటుంబము ఉదయమున పుదుచ్చేరి సముద్రములో రెండుసార్లు మునిగి, మధ్యాహ్నము మోటారులో బయలుదేరి, రాత్రికి తిరుమల చేరినదనుకొందము. పటముపై ఈ ఏర్పాటు చక్కగానే కనబడును. కాని వారి దేహములో నత్రజని ఇంకను మిగిలియున్నది. 10 మీటర్ల లోతున 2 వాతావరణముల పీడనములో నుండి 1 కి వచ్చినవారు, అది వెడలిపోకముందే 0.9 కి పోవుచున్నారు. నిష్పత్తి 2 ను దాటి 2.2 అయినది. నీటినుండి మెల్లగా పైకి వచ్చి తప్పించుకొనిన అపాయమును కొండ ఎక్కి మరల కొనితెచ్చుకొనినట్లైనది.

2002 లో అమెరికా దేశమున నిపుణులు సమావేశమై దీనికి కాలపరిమితులను సూచించిరి. వారి సూచనలు 2,000 అడుగుల, అనగా సుమారు 610 మీటర్ల ఎత్తునుండి వర్తించును. మధ్యమధ్య ఆగనవసరము లేని మునక ఒక్కసారి వేసినవారు కనీసము 12 గంటలు ఆగవలెను. పెక్కుసార్లు గాని, పెక్కు దినములు గాని మునిగినవారు కనీసము 18 గంటలు ఆగవలెను. ఆగి ఆగి పైకి రావలసిన లోతైన మునకలకు ఇంతకంటె చాల ఎక్కువ కాలము కావలెను. పూర్తిగా ఒక దినము విడిచినచో సామాన్య యాత్రికునికి లెక్క సులభమగును.

తిరుమల ఈ 610 మీటర్ల హద్దును దాటియున్నది. 1514 లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుండి గెలిచిన ఉదయగిరి దుర్గపు కొండ సుమారు 3,000 అడుగుల ఎత్తుది. అదియు ఈ హద్దుపైనిదే. కొండ ముందు చూచి సముద్రమునకు పోయినచో ఏ చిక్కును లేదు. సముద్రము ముందైనచో నడుమ ఒక దినము మైదానమున గడపవలెను. నెల్లూరు పట్టణము సముద్రమట్టమునకు కొద్ది మీటర్ల ఎత్తుననే ఉండుటచే, మునిగినవారు మదరాసునుండి నెల్లూరునకు రైలులో వచ్చుటకు అభ్యంతరము లేదు.

మునిగిన మరునాటి లోపల కీళ్లనొప్పి, తిమ్మిరి, తలతిరుగుట, మిక్కిలి అలసట తోచినచో ప్రయాణపు బడలిక యని ఊరకుండరాదు. వైద్యునికి, అడుగకున్నను, తాము సముద్రములో మునిగిన సంగతిని చెప్పవలెను. ఆ ఒక్క మాట చెప్పనిచో వ్యాధి గుర్తుపట్టుట కష్టము.

నెల్లూరు కడలి ఎట్టిది?

ఇంత పొడవైన తీరముండగా నెల్లూరు జిల్లావారు మునుగుటకు పుదుచ్చేరికో, అండమానుకో పోనేల యను ప్రశ్న విద్యార్థులకు తోచవచ్చును. అండమానులో నీరు తేటగా ఉండుటచే పగడపు దిబ్బలు పెరిగినవి. వాటిచుట్టు రంగురంగుల చేపలు చేరినవి. నెల్లూరు తీరము ఇసుక తీరము. కెరటములు ఒడ్డున విరుగుచు ఇసుకను ఎల్లవేళల కలియబెట్టుచుండును. పెన్న, స్వర్ణముఖి నదులు వరదకాలమున మట్టిని తెచ్చి కలుపును. ఈ జిల్లాకు వానలో అధికభాగము ఈశాన్య ఋతుపవనముల వలన అక్టోబరు నుండి డిసెంబరు వరకు కురియును. తుపానులు వచ్చుకాలము కూడ అదియే. ఆ నెలలలో తీరము వెంట ప్రవాహము ఉత్తరమునుండి దక్షిణమునకు సాగుచు, కృష్ణా గోదావరుల నీటిని ఇటు మోసికొనివచ్చును. ఫిబ్రవరి నాటికి ప్రవాహము దిశ మార్చుకొని ఉత్తరమునకు మరలును, అలలు శాంతించును. సంవత్సరములో సముద్రము కొంత తేరుకొనునది అప్పుడే. అప్పుడైనను మధ్యాహ్నపు సముద్రపు గాలి నీటిని కలచివేయును గనుక ఉదయమే అనుకూల సమయము.

బరువైన పరికరములు మోసికొని విరుగు కెరటములను దాటి, కలక నీటిలో దిగి చూడగలిగినది స్వల్పము. కావున ఈ తీరమున ఒడ్డునుండి మునుగవలెనను కోరికను మానుకొని, ఒడ్డుననే చూడదగినవానిని చూచుట వివేకము.

తెల్లపళ్లెపు పరీక్ష

నీరెంత తేటయో కొలుచుటకు ఇటలీ దేశపు శాస్త్రజ్ఞుడు ఆంజెలో సెక్కీ 1865 లో సులభమైన పద్ధతిని ఏర్పరచెను. ఏ పాఠశాలయైనను దీనిని చేయవచ్చును. సుమారు 30 సెంటీమీటర్ల అడ్డుకొలత గల తెల్లని పళ్లెమునకు మూడు రంధ్రములు చేసి, అడుగున రాయి కట్టి, పాతిక సెంటీమీటర్ల కొక ముడి వేసిన త్రాటితో నీటిలోనికి దింపవలెను. పళ్లెము కంటికి కనబడకుండపోయిన లోతును, పైకి లాగగా మరల కనబడిన లోతును గుర్తించి సగటు కట్టవలెను. ఊరి చెరువులోను, బకింగుహాము కాలువలోను, పడవవాని సాయముతో పులికాట్ సరస్సులోను, తేలుచొక్కాలు ధరించి ఒకే వేళలో ఈ పరీక్ష చేసి, నెలనెలకు రేఖాచిత్రము గీచినచో, ఋతువులతో నీరు మారు తీరును విద్యార్థులు తామే కనుగొందురు.

లోపలికి లాగు నీరు

కార్తిక మాసమున సముద్రస్నానములకు జనులు మైపాడు మొదలగు తీరములకు గుంపులుగ వత్తురు. ఆ మాసము ఈశాన్య ఋతుపవన కాలముననే పడును. కడలి ఉద్ధృతముగనుండు దినములవి. కెరటములు ఒడ్డునకు తెచ్చిన నీరు తిరిగి లోపలికి పోవలెను గదా! తీరమునకు సమాంతరముగ నీటిలో మునిగియున్న ఇసుకమెట్టల నడుమ ఎచ్చట సందుండునో, అచ్చటినుండి ఆ నీరు సన్నని బాటగా లోపలికి దూకును. ఆ బాటలో కెరటములు తక్కువగా విరుగుటచే, చూచుటకు అదియే శాంతమైన చోటుగ కనబడును. ఎరుగనివారు అచ్చటనే దిగుదురు.

ఈ ప్రవాహవేగము ఒక్కొక్కప్పుడు సెకనుకు 2 మీటర్లను మించును. ఎంతటి ఈతగాడును దానికి ఎదురీదలేడు. చిక్కినవాడు బెదరక నీటిపై తేలుచు, తీరమునకు సమాంతరముగ ప్రక్కకు ఈదవలెను. బాట సన్ననిది గనుక కొంతదూరములో పట్టు వదలును. అప్పుడు ఒడ్డువైపు తిరుగవలెను. ఈతరానివాడు మోకాలిలోతు దాటరాదు. రక్షింపబోవువాడు ఉత్తచేతులతో దుముకరాదు; త్రాడు గాని, మూసిన ఖాళీ డబ్బా గాని విసరవలెను.

యాత్రాక్రమము

ఇప్పుడు మన దినములను అమర్చుకొందము. జనవరి కడపట గాని, ఫిబ్రవరిలో గాని నాలుగు దినములు దొరికినచో మొదటి దినము ఉదయగిరి దుర్గమునకు గాని, తిరుమలకు గాని పోవలెను. రెండవ దినము నేలపట్టు పక్షికేంద్రము, పులికాట్ సరస్సు చూడవచ్చును. ఈ ప్రాంతములు 2022 లో తిరుపతి జిల్లాలో చేరినవి. నేలపట్టులో గూడబాతులు నీటిలో నిలిచిన చెట్లపై గూళ్లు కట్టి పిల్లలను పెంచుచుండును. పులికాట్ మన దేశమున చిలుకా తరువాత పెద్దదైన ఉప్పునీటి సరస్సు. ప్రళయకావేరి యను పేరును కలదు. వానకాలమున దీని నీరు చప్పబడును. వేసవిలో సముద్రముకంటె ఉప్పనగును. లోతు తక్కువగుటచే రాజహంసలు నడచుచునే ఆహారమును వడగట్టుకొనును. సరస్సునకు సముద్రమునకు నడుమనున్న శ్రీహరికోట దీవినుండి 1971 లో మొదటి రాకెట్టు ఎగసినది. ముందుగా పేర్లు నమోదు చేసికొనినవారికి ప్రయోగములను చూచు వసతి 2019 నుండి కలదు.

మూడవ దినము ఉదయమున మైపాడు తీరము. సరుగుడు తోపులు, ఒడ్డున చేరిన గవ్వలు, పీతలు, వలలు లాగు బెస్తల పని — ఇవన్నియు చూడదగినవే. ఆ నెలలలో సముద్రపు తాబేళ్లు రాత్రివేళ ఇసుకలో గ్రుడ్లు పెట్టును; వాటిపై దీపములు వేయరాదు, త్రవ్వరాదు. నాలుగవ దినము విశ్రాంతి. మునుగగోరువారు, శిక్షణ పొందిన గురువుతో, ఈ నాలుగు దినములు గడచిన పిమ్మట దక్షిణమునకు పోయి, మునిగి, రైలుమార్గమున మైదానము వెంటనే ఇల్లు చేరవలెను.

ఈ క్రమములో అదనపు ఖర్చేమియు లేదు. ఒక దినమును మరియొక దినముతో మార్చుట మాత్రమే. తరగతి గదిలో బాయిల్ సూత్రమును, హెన్రీ సూత్రమును చెప్పునప్పుడు గాజుగొట్టముతోపాటు ఈ యాత్రాపటమును కూడ నల్లబల్లపై గీచి, ఏ దినమును ఎచ్చట ఉంచవలెనో విద్యార్థులనే అడుగవచ్చును. ఆ లెక్కను సరిగా కట్టినవాడు ఆ సూత్రములను మరువడు.