చక్రాలు రెండా, మూడా? 460 మిల్లీమీటర్ల లెక్క

ఇటలీ కంపెనీ పియాజియో 2006లో ఎంపీ3 అనే స్కూటర్ తెచ్చింది. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. మలుపులో మామూలు బైకులాగే పక్కకు వాలుతుంది. సిగ్నల్ దగ్గర బటన్ నొక్కితే ముందు భాగం బిగుసుకుంటుంది, కాలు కింద పెట్టకపోయినా బండి నిలబడుతుంది. చిన్నపిల్లాడిని అడిగినా మూడు చక్రాలంటాడు. ఐరోపా చట్టం మాత్రం రెండే అంది!

ఒకే ఇరుసు మీదున్న రెండు చక్రాలు నేలను తాకే చోట్ల మధ్య దూరం 460 మి.మీ. మించకపోతే ఆ రెంటినీ ఒకే చక్రంగా లెక్కగట్టాలన్నది అక్కడి నిబంధన. ఎంపీ3లో ఆ దూరం 420 మి.మీ. కాబట్టి అది మోటార్‌సైకిలే, నడపాలంటే మోటార్‌సైకిల్ లైసెన్సు కావాల్సిందే.

పియాజియో ఊరుకోలేదు. ఎల్‌టీ పేరుతో 465 మి.మీ. దూరమున్న మోడల్ తెచ్చింది. హద్దు మీద అయిదే అయిదు మిల్లీమీటర్లు ఎక్కువ! ఇండికేటర్లను దూరం జరిపింది, కుడికాలి దగ్గర కారులో మాదిరి బ్రేక్ పెడల్ అమర్చింది. దాంతో ఇటలీ, ఫ్రాన్స్ లాంటి దేశాల్లో కారు లైసెన్సు ఉన్నవాళ్లకు దాన్ని నడిపే వీలు దొరికింది. ఇంజన్ శక్తి 15 కిలోవాట్లు దాటితే వయసు 21 నిండాలి. యమహా ట్రైసిటీ 300లో ఈ దూరం 470 మి.మీ., అదీ అదే దారి. అదే యమహా 2018లో అమ్మకానికి పెట్టిన 847 సీసీ నికెన్‌లో 410 మాత్రమే. అందుకే దానికి కారు లైసెన్సు చెల్లదు.

అయిదు మిల్లీమీటర్లతో బండి నడపడం వచ్చేస్తుందా? రాదు. ఫ్రాన్స్ ఆ సంగతి గ్రహించి 2011 నుంచి కారు లైసెన్సువాళ్లకు 7 గంటల శిక్షణ తప్పనిసరి చేసింది. బ్రిటన్ ఇంకా గట్టిగా బిగించింది. 2013 జనవరి 19 నుంచి కారు లైసెన్సు పొందినవాళ్లు మూడు చక్రాల మోటారుబండి ఎక్కాలంటే విడిగా పరీక్ష నెగ్గాల్సిందే. శారీరక వైకల్యం ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. అక్కడున్న మనవాళ్లు లైసెన్సు మీది తేదీ ఒకసారి చూసుకోవాలి.

నాలుగు చక్రాల క్వాడ్ బైకుల కథ వేరు. ఐరోపాలో రోడ్డు క్వాడ్‌కు హద్దు 450 కిలోల బరువు, 15 కిలోవాట్ల శక్తి, అంటే సుమారు 20 హార్స్‌పవర్. పెద్ద క్వాడ్‌లు దీన్ని తేలిగ్గా దాటేస్తాయి. అందుకని చాలావాటిని 600 కిలోల లోపు ట్రాక్టర్ల తరగతిలో చేర్చి రోడ్డెక్కిస్తున్నారు. ఇదంతా కాగితాల మీది సర్దుబాటు. అసలు చిక్కు ఇరుసులో ఉంది. చాలా క్వాడ్‌లలో వెనక చక్రాలు రెండూ ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి. మట్టిలో అయితే లోపలి చక్రం జారి సర్దుకుంటుంది. తారు పట్టేసుకుంటుంది, బండి మొరాయిస్తుంది, వేగంగా తిప్పితే బోల్తా పడే ప్రమాదమూ ఉంది.

మన దేశంలోనూ ట్రాక్టర్ దారే దిక్కయింది. పోలారిస్ కంపెనీ 2019లో స్పోర్ట్స్‌మన్ 570 క్వాడ్‌కు ట్రాక్టర్‌గా ధ్రువీకరణ తెచ్చుకుని రూ.7.99 లక్షల ప్రారంభ ధరకు అమ్మకానికి పెట్టింది. 2018లో కేంద్రం సొంత వాడకానికి అనుమతించిన క్వాడ్రిసైకిల్ వేరు. అది బజాజ్ క్యూట్ లాంటి పైకప్పున్న బుల్లి బండి, గరిష్ఠ వేగం గంటకు 70 కిలోమీటర్లు. ఇక 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం, విప్పి పక్కన పెట్టగల సైడ్‌కార్ తగిలించుకున్న బైకు మూడు చక్రాల మీద నడిచినా మోటార్‌సైకిలే.

సొంత తెలివితో బైకుకు మూడో చక్రం అతికిద్దామనుకునేవాళ్లు అదే చట్టంలోని సెక్షన్ 182ఏ చదువుకోవాలి. అనుమతి లేని ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. క్వాడ్ బైకు కొనేముందు అమ్మేవాణ్ని ఒక్కటే అడగండి: ఆర్టీఏలో ఏ తరగతి కింద రిజిస్ట్రేషన్ అవుతుంది? జవాబు లేకపోతే ఆ బండి మీ పొలం గట్టు దాటకూడదు.