పొందూరు ఖద్దరు చీర

పొందూరు ఖద్దరు చీర ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రం, శ్రీకాకుళం జిల్లాలోని పొందూరులోనూ, పరిసర గ్రామాలలోనూ తయారయ్యే సన్నని నూలు చీర. పత్తిని శుభ్రపరచడం మొదలుకొని నేత వరకు అన్ని దశలూ చేతితోనే జరగడం దీని ప్రత్యేకత. పత్తిని దువ్వడానికి వాలుగ చేప దవడను, నూలు వడకడానికి ఒకే కదురు గల రాట్నాన్ని వాడతారు. పొందూరు పేరు చెప్పగానే పలువురికి మొదట తెల్లని పంచెలే గుర్తుకు వస్తాయి. అయితే ఆ పంచెకైనా, ఈ చీరకైనా కావలసిన నూలు వడికేది స్త్రీలే. నగరాలలో స్త్రీల అభిరుచులు మారుతూ వచ్చిన కొలది ఈ చీర రూపం మారింది, కాని దాని వెనుక ఉన్న శ్రమ మారలేదు.

ఉనికి

పొందూరు ఆమదాలవలస శాసనసభ నియోజకవర్గంలోని మండల కేంద్రం. హౌరా-చెన్నై ప్రధాన రైలు మార్గంలో విజయనగరం నుండి ఉత్తరంగా ప్రయాణిస్తే చీపురుపల్లి, సిగడాం తరువాత పొందూరు, ఆపైన దూసి, ఆమదాలవలస వస్తాయి. ఆమదాలవలసలోని స్టేషనుకు 'శ్రీకాకుళం రోడ్డు' అని పేరు. శ్రీకాకుళం పట్టణానికి రైలులో వచ్చేవారు ఇక్కడే దిగుతారు.

చరిత్ర

ఆంగ్లేయుల పాలనాకాలంలో 'చికాకోల్' అని పిలువబడిన శ్రీకాకుళం సన్నని మస్లిను బట్టకు పేరుపొందింది. ఇంగ్లండు మిల్లుల నూలు, బట్ట దేశంలోకి వెల్లువలా వచ్చిన తరువాత 19వ శతాబ్దంలో చేతి వడుకు దేశమంతటా క్షీణించింది. చాలాచోట్ల నేతగాళ్ళు మిల్లు నూలుకు మారి మగ్గాన్ని నిలుపుకోగలిగారు. వడికే స్త్రీలకు అటువంటి ప్రత్యామ్నాయం లేకపోయింది. పొందూరు ప్రాంతంలో మాత్రం వడుకు పూర్తిగా ఆగిపోలేదు.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశం దేశంలో 20 లక్షల రాట్నాలను తిప్పించాలని తీర్మానించింది. పొందూరు బట్ట సన్నదనాన్ని గురించి తెలుసుకున్న మహాత్మా గాంధీ ఇక్కడి పద్ధతులను పరిశీలించడానికి తన కుమారుడు దేవదాసు గాంధీని పంపాడు. 1925లో అఖిల భారత చరఖా సంఘం ఏర్పడి, దేశమంతటా ఖద్దరు ఉత్పత్తికి, అమ్మకానికి ఒక వ్యవస్థను కల్పించింది.

పొందూరులో 1949లో ఆంధ్ర సన్న ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఏర్పడింది. దీని భవనానికి 1955లో ఆచార్య వినోబా భావే శంకుస్థాపన చేశాడు. వడికేవారికి పత్తిని అందించి నూలు కొనడం, ఆ నూలును నేతగాళ్ళకు ఇచ్చి బట్ట తీసుకోవడం, దానిని అమ్మడం ఈ సంఘం చేసే పనులు.

తయారీ విధానం

పొందూరు నూలుకు వాడేది ఈ ప్రాంతపు దేశవాళీ పత్తి. కొండ పత్తి, పునాస పత్తి, ఎర్ర పత్తి అనే రకాలు ఉన్నాయి. అన్నిటికంటె సన్నని నూలు కొండ పత్తి నుండి వస్తుంది. దేశవాళీ పత్తికి పోగు పొడవు తక్కువ. మిల్లులలో ఇంతటి సన్నని నూలు తీయాలంటే పొడవు పోగు గల పత్తి కావాలి. పొట్టి పోగు పత్తితో అదే పని సాధించడమే పొందూరు నైపుణ్యం. తయారీలో ప్రధానమైన దశలు ఇవి:

దువ్వడం: గింజతో ఉన్న పత్తిని చేత పట్టుకొని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడలో వరుసలుగా ఉండే సూక్ష్మమైన పళ్ళు నలుసులను, మరీ పొట్టి పోగులను తొలగించి, మిగిలిన పోగులను ఒకే దిశలో సర్దుతాయి. మిల్లులోని దువ్వెన యంత్రం చేసే పనిని ఇక్కడ చేప దవడ చేస్తుంది.

గింజ తీయడం: దువ్విన పత్తిని చెక్క పలకపై ఉంచి, సన్నని ఇనుప కడ్డీని దానిపై దొర్లిస్తారు. పోగు తెగకుండా గింజ విడిపోతుంది.

ఏకడం: గింజ తీసిన దూదిని వింటి నారితో ఏకి, మెత్తని పొరగా చేసి, సన్నని ఏకులుగా చుడతారు. తెలుగులో 'ఏకు మేకై కూర్చున్నట్లు' అనే సామెతలోని ఏకు ఇదే. ఏకులకు దుమ్ము, చెమట తగలకుండా ఎండిన అరటి పొరలో ఉంచి, అందులో నుండే నూలు తీస్తారు.

వడకడం: పొందూరు రాట్నానికి 24 ఆకులు గల పెద్ద చక్రం, ఒకే కదురు ఉంటాయి. ఒక చేత చక్రం తిప్పుతూ, మరొక చేత ఏకు నుండి పోగును లాగుతారు. పోగు ఎక్కడ పలుచబడుతున్నదో, ఎక్కడ తెగబోతున్నదో వేళ్ళకే తెలియాలి. 1950ల దశకంలో తమిళనాడుకు చెందిన ఏకాంబరనాథన్ రూపొందించిన అంబర్ చరఖాకు అనేక కదుళ్ళు ఉండటం వలన ఉత్పత్తి పెరుగుతుంది. దేశంలోని ఖాదీ కేంద్రాలు చాలావరకు దానికి మారినా, పొందూరు సన్న నూలుకు ఒంటి కదురు రాట్నమే కొనసాగింది.

నేయడం: నూలును చిలపలుగా చుట్టి, పడుగు పోసి, గంజి పట్టించి, మగ్గంపై నేస్తారు. నేతపనిలో పట్టుశాలి, దేవాంగ కులాలవారు ప్రసిద్ధులు. పట్టుశాలి స్త్రీలు సన్న నూలు వడకడంలోనూ పేరుపొందారు. చేతి నూలు మిల్లు నూలంత సమానంగా ఉండదు కాబట్టి పడుగు పోగులు తెగకుండా నేయడానికి ఓపిక కావాలి.

నూలు సన్నదనం

నూలు సన్నదనాన్ని 'కౌంటు'లో కొలుస్తారు. ఒక పౌను బరువు గల నూలులో 840 గజాల చిలపలు ఎన్ని ఉంటే అది అన్ని కౌంట్ల నూలు. కౌంటు పెరిగిన కొలది నూలు సన్నబడుతుంది. పొందూరు కొండ పత్తి నూలు 100 కౌంటు వరకు, కొన్నిసార్లు అంతకు మించి ఉంటుంది.

100 కౌంటు నూలు ఒక పౌనుకు 84,000 గజాలు ఉంటుంది. అనగా ఒక గ్రాముకు సుమారు 169 మీటర్లు. ఈ లెక్కన 200 గ్రాముల బరువు గల చీరలో దాదాపు 34 కిలోమీటర్ల నూలు ఉంటుంది. అదంతా ఒకే కదురుపై వడికినదే.

సన్న నూలుకు పొడవుతోపాటు పురి కూడా ఎక్కువ కావాలి. 25 కౌంటు నూలుతో పోలిస్తే అదే బరువు గల 100 కౌంటు నూలు 4 రెట్లు పొడవు ఉంటుంది. అంగుళానికి వేయవలసిన పురి సుమారు 2 రెట్లు ఉంటుంది. అందుచేత ఒకే బరువు నూలుకు కదురు దాదాపు 8 రెట్లు తిరగాలి. ఈ చీర ఖరీదుకు ముఖ్య కారణం ఇదే.

ఢాకా మస్లినుతో పోలిక

ప్రపంచ ప్రసిద్ధి చెందిన ఢాకా మస్లినుకు కూడా దేశవాళీ పత్తినే వాడేవారు. అక్కడ కూడా గింజతో ఉన్న పత్తిని 'బోయాల్' చేప దవడతో దువ్వేవారు. బెంగాలీలో బోయాల్ అనబడే చేప, తెలుగువారి వాలుగ ఒకటే. 19వ శతాబ్దంలో ఢాకాలో ఆ వడుకు అంతరించింది, ఆ పత్తి సాగు కూడా పోయింది. 21వ శతాబ్దంలో బంగ్లాదేశ్ పరిశోధకులు పాత పత్తి రకాన్ని వెదకి, మస్లినును తిరిగి తయారు చేయడానికి ప్రయత్నాలు చేపట్టవలసి వచ్చింది. ఒకసారి తెగిపోయిన విద్యను మళ్ళీ అతికించడం ఎంత కష్టమో ఇందువలన తెలుస్తుంది. అదే పద్ధతి పొందూరులో తరతరాలుగా తల్లి నుండి కూతురికి అందుతూ వచ్చింది.

చీర స్వరూపం, మారిన అభిరుచులు

తొలి రోజులలో ఖద్దరు చీర అనగా తెల్లని లేదా మీగడ రంగు చీర, దానికొక రంగు అంచు. తెలుగు సమాజంలో తెల్లచీర వైధవ్యానికి గుర్తుగా ఉండేది. ముత్తైదువలు తెల్లని ఖద్దరు కట్టుకొని సభలకు రావడం ఆ రోజులలో సామాన్యమైన విషయం కాదు. స్వాతంత్ర్యోద్యమం వలన తెల్లచీరకు గౌరవప్రదమైన మరొక అర్థం వచ్చింది.

దానితోపాటు నగల విషయంలోనూ మార్పు వచ్చింది. 1921లో మాగంటి అన్నపూర్ణాదేవి తన ఆభరణాలను గాంధీజీకి సమర్పించి, ఖద్దరు ధరించింది. ఆ తరువాత ఎందరో స్త్రీలు జాతీయ నిధులకు నగలు ఇచ్చి, తాళి, గాజులతోనే సరిపెట్టుకున్నారు. 1923లో కాకినాడ కాంగ్రెసు సందర్భంగా జరిగిన ఖద్దరు ప్రదర్శనలో దుర్గాబాయి బాలికగా స్వచ్ఛంద సేవ చేసింది. టిక్కెట్టు లేని జవాహర్‌లాల్ నెహ్రూను ఆమె ద్వారం వద్ద ఆపిన సంఘటన ప్రసిద్ధమైనది. 1942లో అలహాబాదులో జరిగిన వివాహంలో ఇందిర ధరించినది, ఆమె తండ్రి నెహ్రూ జైలులో వడికిన నూలుతో నేసిన గులాబీరంగు ఖద్దరు చీర. పెళ్ళికి పట్టే కావాలన్న అభిప్రాయానికి అది భిన్నమైన ఉదాహరణ.

స్వాతంత్ర్యానంతరం ఖద్దరు కొంతకాలం రాజకీయ నాయకుల, వయోవృద్ధుల దుస్తులుగా మాత్రమే భావించబడింది. 1960ల నుండి నగరాలలో నైలాను, పాలియెస్టరు చీరలు వ్యాపించాయి. ఇస్త్రీ, గంజి అవసరం లేకపోవడం ఉద్యోగినులకు అనుకూలమైంది. 1989లో ఖాదీ గ్రామోద్యోగ కమిషను బొంబాయిలో ఖద్దరు దుస్తుల ఫ్యాషను ప్రదర్శన నిర్వహించింది. అప్పటినుండి మహానగరాలలో ఖద్దరును ఫ్యాషను వస్త్రంగా చూడటం మొదలయింది. పొందూరులో కూడా రంగుల చీరలు, జాందానీ అల్లికతో పువ్వులు, లతలు తీర్చిన చీరలు, సల్వారు కమీజులకు పనికివచ్చే బట్ట తయారయ్యాయి. 2019లో గాంధీజీ 150వ జయంతి సందర్భంగా హైదరాబాదుకు చెందిన రూపకర్త గౌరంగ్ షా రాజా రవివర్మ చిత్రాలను ఖద్దరు జాందానీ చీరలలో నేయించి ప్రదర్శించాడు.

ఇతర చీరలతో భేదం

మంగళగిరి చీర అంచుకు, వెంకటగిరి చీర జరీకి, ఉప్పాడ చీర జాందానీకి, పోచంపల్లి చీర ఇకత్ అద్దకానికి ప్రసిద్ధి చెందాయి. ఇవన్నీ చేనేత చీరలే, కాని సాధారణంగా వీటికి వాడేది మిల్లు నూలు లేదా పట్టు. 1956 నాటి ఖాదీ గ్రామోద్యోగ కమిషను చట్టం ప్రకారం, భారతదేశంలో చేతితో వడికిన నూలు, పట్టు లేదా ఉన్ని దారంతో చేమగ్గంపై నేసినదే ఖాదీ. ప్రతి ఖద్దరు చీరా చేనేతే, ప్రతి చేనేత చీరా ఖద్దరు కాదు. ఈ భేదం తెలియకపోవడం వలన మిల్లు నూలు చీరలను ఖద్దరు పేరుతో కొనేవారు ఉన్నారు.

గుర్తించడం, సంరక్షణ

వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే చేతి నూలులో అక్కడక్కడ స్వల్పమైన హెచ్చుతగ్గులు కనిపిస్తాయి. మిల్లు నూలు బట్ట ఆసాంతం ఒకే తీరుగా ఉంటుంది. చేతి నూలు బట్ట ఉతికిన కొలది మెత్తబడుతుంది. 2013 నాటి నిబంధనల ప్రకారం ఖాదీగా అమ్మే బట్టకు 'ఖాదీ మార్కు' ఉండాలి. చీరను సోడా ఎక్కువగా లేని సబ్బుతో ఉతికి, పలుచని గంజి పెట్టి, నీడలో ఆరవేయడం మంచిది. గట్టిగా పిండితే పోగులు దెబ్బతింటాయి. మొరటు అంచులు గల గాజులు, కాలి పట్టీలు, చెప్పుల బకిళ్ళు సన్నని పోగును పట్టి లాగుతాయి కనుక ఈ చీరతో నునుపైన ఆభరణాలు, సాదా చెప్పులు వాడటం మేలు.

సమస్యలు

ఈ పరిశ్రమకు ప్రధానమైన సమస్య వడికేవారి కొరత. నూలుకు కూలి చిలపల లెక్కన వస్తుంది. పైన వివరించినట్లు నూలు సన్నబడిన కొలది శ్రమ అనేక రెట్లు పెరుగుతుంది, కాని కూలి అంతగా పెరగదు. చదువుకున్న ఆడపిల్లలు ఇతర ఉద్యోగాలకు వెళ్ళడం సహజం. అందువలన రాట్నం ముందు కూర్చునేవారిలో వయసు మళ్ళిన స్త్రీలే ఎక్కువగా కనిపిస్తారు. ఈ నైపుణ్యం పుస్తకం చదివి నేర్చుకునేది కాదు, పక్కన కూర్చొని ఏళ్ళ తరబడి చూచి నేర్చుకునేది. దిగుబడి ఎక్కువ ఇచ్చే సంకర జాతుల పత్తి రావడంతో దేశవాళీ పత్తి సాగు కూడా తగ్గింది.

నగరాలలో ఈ చీరకు గిరాకీ ఉన్నది. ఆ గిరాకీ వలన వచ్చే ఆదాయంలో తగిన భాగం వడికే స్త్రీకి చేరినప్పుడే ఆమె కుమార్తె రాట్నాన్ని చేపట్టడానికి కారణం ఉంటుంది. నేతగాడికి నూలు మరొక చోటి నుండి రావచ్చు, అద్దకానికి రంగులు మరొక చోటి నుండి రావచ్చు. చేప దవడతో దువ్వి, 24 ఆకుల రాట్నంపై తీసిన 100 కౌంటు నూలుకు మాత్రం పొందూరు ప్రాంతపు స్త్రీల చేతులే ఆధారం.