లండను భూగర్భ రైలుమార్గము

లండను నగరమున వీధులలో నడచువారి కాళ్ళక్రిందుగా రైలుబండ్లు పరుగెత్తుచుండును. నగరవాసులు ఆ మార్గమును 'ట్యూబు' అని పిలుతురు. ట్యూబనగా గొట్టము. ప్రపంచమున మొట్టమొదటి భూగర్భ రైలుమార్గము ఇదియే.

పందొమ్మిదవ శతాబ్ది నడుమ లండను వీధులు గుఱ్ఱపుబండ్లతో క్రిక్కిరిసి యుండెడివి. దూరప్రాంతముల రైళ్ళు చాలవరకు నగరపు అంచుననే ఆగిపోవుచుండెను. కూలివారు పనిచోటికి నడచి పోవలసినవారగుటచే, నగరము నడుమ గాలియు వెలుతురును లేని ఇరుకు ఇండ్లలో కాపురముండిరి. నగరపాలక సంస్థలో న్యాయవాదియైన చార్లెస్ పియర్సన్ ఈ దుస్థితిని చూచెను. భూమి క్రిందుగా రైలును నగరము నడిబొడ్డునకు తెచ్చినచో, పేదలు దూరమున మంచి ఇండ్లలో నివసించుచు, కొద్దిపాటి రుసుముతో పనికి వచ్చి పోవచ్చునని ఆయన యెంచెను. సొరంగములో రైలేమిటని పలువురు పరిహసించినను ఆయన పట్టు విడువలేదు.

1860లో పని మొదలైనది. వీధిని త్రవ్వి లోతైన కందకము చేయుట, ఇరుప్రక్కల ఇటుకగోడలు కట్టి పైన కమాను వేయుట, మరల మన్ను కప్పి వీధిని పరచుట—ఇదియే ఆనాటి పద్ధతి. వినుటకు సులువుగనే యున్నది! కాని 1862లో ఫ్లీట్ అను మురుగుకాలువ తెగి కందకము జలమయమైనది. అంతకంటె విచారకరమైన సంగతి యొకటి కలదు. త్రోవకు అడ్డువచ్చిన పేదల ఇండ్లు అనేకము కూల్చివేయబడెను. ఎవరి మేలుకొరకు పియర్సన్ పాటుపడెనో, వారిలోనే పలువురు నిలువనీడ కోల్పోయిరి. ఆయనయు ఆ యేడే సెప్టెంబరులో మరణించెను.

1863 జనవరి 10వ తేదీన పాడింగ్టన్ నుండి ఫారింగ్డన్ వరకు, సుమారు 6 కిలోమీటర్ల దూరము, ప్రజలు తొలిసారిగా ప్రయాణము చేసిరి. మరుసటి సంవత్సరము నుండి కూలివారికై వేకువజామున తక్కువ ధరకు బండ్లు నడిచెను. పియర్సన్ కోరిక కొంతకు కొంత నెరవేరినది.

ఆ బండ్లను లాగినవి ఆవిరి యంత్రములు. ఆవిరిని తొట్టెలలోని నీటిలోనికి మళ్ళించి చల్లార్చు ఏర్పాటున్నను, బొగ్గుపొగ సొరంగములో నిలిచి ప్రయాణికులను ఉక్కిరిబిక్కిరి చేసెడిది. ఈ బాధను తీర్చినది విద్యుచ్ఛక్తి. 1890లో థేమ్సు నది క్రిందుగా మిక్కిలి లోతున విద్యుత్తు రైలు నడిచెను. ఈసారి వీధిని త్రవ్వలేదు. లండను అడుగున గట్టి బంకమట్టి యున్నది. గుండ్రని ఇనుప కవచమును దానిలోనికి నెట్టుచు, పనివారు దాని చాటున త్రవ్వుచు, వెనువెంట పోత ఇనుప వలయములు బిగించుచు పోయిరి. ట్యూబను పేరు అట్లు వచ్చినదే. సొరంగములో చూచుటకేమున్నదని కాబోలు, ఆ బండ్లకు మిక్కిలి చిన్న కిటికీలు పెట్టిరి. స్టేషను పేరు కనబడదు గనుక బండిలోని ఉద్యోగి కేక వేసి చెప్పవలసి వచ్చెడిది.

1940లో జర్మనీ విమానములు లండనుపై బాంబులు కురిపించినపుడు ప్రజలు ఈ స్టేషనులలో తలదాచుకొనిరి. అధికారులు మొదట సమ్మతింపలేదు. జనులు టిక్కెట్టు కొని లోనికి పోయి, తెల్లవారువరకు పైకి రాకుండిరి. తుదకు ప్రభుత్వమే మంచములు వేయించెను. అక్కడను పూర్తి రక్షణ లేకపోయెను. ఆ యేటి అక్టోబరులో బాల్హం స్టేషను పైవీధిలో బాంబు పడి, అరువదిమందికి పైగా మరణించిరి.

నేడీ మార్గమున 272 స్టేషనులు కలవు. నగరపు శివారులను దాటి చాలదూరము పోవును. పేరు భూగర్భ రైలే యైనను, సగమునకు మించిన మార్గము ఆరుబయటనే యున్నది.