తొమ్మిదో ఎక్కంలో రేడియో

నరసరావుపేటలో పదో తరగతికి తరంగాల పాఠం చెబుతూ ఆకాశవాణి మీడియం వేవ్ అంకెలు బోర్డు మీద రాశాను: విజయవాడ 837, హైదరాబాద్ 738, విశాఖపట్నం 927, కడప 900 కిలోహెర్ట్జ్‌లు. వెనక బెంచీ పిల్ల లేచి, "మాస్టారూ, అన్నీ తొమ్మిదో ఎక్కంలోనే ఉన్నాయేంటి?" అంది. చిన్నప్పటి నుంచీ ఆ అంకెలు వింటున్నా నాకెప్పుడూ తట్టలేదు.

1975లో జెనీవాలో కుదిరిన ఒప్పందం అది. ఆసియా, ఐరోపా, ఆఫ్రికాల్లో స్టేషన్ల మధ్య తొమ్మిదేసి కిలోహెర్ట్జ్‌ల ఎడం పెట్టారు, సాగర్ కాలువ కింద మడికీ మడికీ గట్టు వేసినట్టు.

గట్టు ఒక్కటే చాలదు. పక్క స్టేషన్‌ను ఆపే జల్లెడ సెట్టులో ఉండాలి. ముల్లుతో పాటు కదులుతూ, ప్రతి స్టేషన్ దగ్గరా అంతే సన్నగా వడకట్టే జల్లెడ చేయడం కష్టం. 1918లో అమెరికా సైన్యంలో ఉన్న ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ దీన్ని తిరగేశాడు: జల్లెడ కదలక్కర్లేదు, స్టేషనే దాని దగ్గరికి రావాలి. మనం మీట తిప్పి విజయవాడ పెడితే సెట్టు తనలో తానే 1292 కిలోహెర్ట్జ్‌ల తరంగం పుట్టిస్తుంది. అందులోంచి 837 తీసేస్తే 455. హైదరాబాద్‌కు తిప్పితే 1193 పుడుతుంది. 738 పోతే మళ్లీ 455! ఏ స్టేషనైనా అక్కడికే దిగుతుంది. అక్కడ ఒక్క మంచి జల్లెడ బిగిస్తే చాలు. ఇంత సొగసైన తీసివేత లెక్క నేనింకోటి చూడలేదు.

మన దేశంలో మిగతా తరంగాల పంపకం ఢిల్లీలోని వైర్‌లెస్ ప్రణాళికా విభాగం చూస్తుంది. నౌకాదళం అడుగున 3 నుంచి 30 కిలోహెర్ట్జ్‌ల మధ్య ఉంటుంది; కిలోమీటర్ల పొడవున్న ఆ అలలే సముద్రపు నీటిలోకి కొంత దిగి జలాంతర్గాములకు అందుతాయి. అందుకే వికారాబాద్ దామగుండంలో 2024లో అలాంటి నౌకాదళ ప్రసార కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. ఖగోళవేత్తలు మాత్రం నిశ్శబ్దం అడుగుతారు. హైడ్రోజన్ పలికేది 1420.4 మెగాహెర్ట్జ్‌ల దగ్గర కనుక 1400 నుంచి 1427 వరకు ప్రపంచంలో ఎవరూ ప్రసారం చేయకూడదు. అయినా 710 దగ్గర పలికే మొబైల్ పరికరంలో వడపోత సరిగా లేకపోతే, దాని రెట్టింపు సన్నగా 1420లోకి కారుతుంది. పుణె దగ్గర ఖోడద్‌లోని రేడియో టెలిస్కోపు చెవికి ఆ సన్నటిదే హోరు. వీళ్లందరిలో గొంతు లేనివాడు ఖగోళవేత్తే.

మన సెట్టూ కారుతుంది. మిరప కల్లాల కాపలాలో మోగిన ముల్లు సెట్లు రెండు దొరికితే ఆనించి పెట్టండి. ఒకటి 837 మీద ఉంచి, రెండోదాన్ని 1290 చుట్టుపక్కల మెల్లగా కదపండి. ఒకచోట బుస ఠక్కున ఆగుతుంది. వినిపించేది మొదటి సెట్టే.