తొమ్మిదేళ్లు తిరిగిన పుస్తకం

'డబ్లినర్స్' జేమ్స్ జాయిస్ కథల సంపుటి. ఐర్లండులోని డబ్లిన్ ఆయన పుట్టిన నగరం. అక్కడి సామాన్యుల బ్రతుకులే ఇందులోని 15 కథలు. వాటిలో మూడు 1904లో 'ఐరిష్ హోమ్‌స్టెడ్' అనే వ్యవసాయ పత్రికలో వచ్చాయి. పాఠకులు ఫిర్యాదు చేయగా సంపాదకుడు ఇక వద్దన్నాడు. ఆ ఏడే జాయిస్ దేశం విడిచాడు. ఇటాలియన్ మాట్లాడే ట్రియెస్ట్ రేవుపట్టణంలో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుంటూ చాలా కథలు రాశాడు.

1905లో వాటిని లండన్ ప్రచురణకర్త గ్రాంట్ రిచర్డ్స్‌కు పంపాడు. ఆయన ఒప్పుకున్నా, అచ్చువేసేవాడు కొన్ని మాటలకు అభ్యంతరం చెప్పాడు. అప్పటి చట్టం ప్రకారం అచ్చువేసినవాడూ శిక్షార్హుడే. కనుక అతని భయం అకారణం కాదు. పుస్తకం ఆగింది.

1909లో డబ్లిన్‌లోని మాన్సెల్ సంస్థ ముందుకు వచ్చింది. ఈసారి అడ్డు ఒక కథలో ఏడవ ఎడ్వర్డు రాజును గురించి పాత్రలు ఆడుకున్న మాటలు. 1911లో జాయిస్ ఆ పుటను ఏకంగా ఆయన కుమారుడు ఐదవ జార్జికే పంపి అభిప్రాయం అడిగాడు! ఇటువంటి విషయాల్లో రాజుగారు అభిప్రాయం చెప్పరని కార్యదర్శి జవాబిచ్చాడు. అప్పుడు జాయిస్ జరిగినదంతా ఉత్తరంగా రాసి, ఆ మాటలతో సహా, ఐర్లండు పత్రికలకు పంపాడు. 'సిన్ ఫేన్' పత్రిక దానిని పూర్తిగా వేసింది. ప్రచురణకర్తకు లేని ధైర్యం పత్రికకు ఉన్నదన్నమాట.

అయినా 1912లో అచ్చయిన ఫారాలను ధ్వంసం చేశారు. జాయిస్ ఎలాగో ఒక్క ప్రతి దక్కించుకొని డబ్లిన్ విడిచాడు. మళ్లీ అక్కడ అడుగుపెట్టలేదు. 1914 జనవరిలో ఎజ్రా పౌండ్ ఆ ఉత్తరాన్ని లండన్ పత్రిక 'ఎగోయిస్ట్'లో వేయించాడు. ఆ ఏడు జూన్ 15న పుస్తకం వెలువడింది. ప్రచురించినది గ్రాంట్ రిచర్డ్సే.